చేతికి అమరిన హ్యాండిలు

రోడ్డు సైకిలుపై రెండు మూడు గంటలపాటు ఎడతెగక పయనించి వచ్చినవారిలో పలువురికి, ఇల్లు చేరి భోజనమునకు కూర్చున్నప్పుడు, చిటికెన వ్రేలును, దాని ప్రక్కనున్న ఉంగరపు వ్రేలిలో సగమును తమవి కానట్లు తోచుట అనుభవములో నున్న విషయమే. కొందరికి ఈ తిమ్మిరి ఒక పూటలో తగ్గిపోవును. మరికొందరికి మరునాడు చొక్కా గుండీ పెట్టుకొనుటకును, తాళము త్రిప్పుటకును సరిపడు పట్టు చేతిలో నుండదు. ఈ బాధకు వారు దూరమును నిందింతురు, గతుకుల రోడ్డును నిందింతురు, తుదకు తమ వయస్సును నిందింతురు. కాని అంతసేపును తమ రెండు చేతులు ఆనియున్న హ్యాండిలును మాత్రము ఒకసారియైనను పరికించి చూడరు. సైకిలు కొనునాడు గేరులెన్ని, ఫ్రేము కార్బనా అల్యూమినియమా, బరువెన్ని కిలోలు అని పదేపదే అడిగినవారు సైతము హ్యాండిలు వెడల్పు ఎంత అని అడుగుట మిక్కిలి అరుదు. అది సైకిలుతోపాటు వచ్చినది కావున సరియైనదే యగునని ఊరకుందురు. నిజమునకు కర్మాగారములో ఆ హ్యాండిలును బిగించినవారు దానిని పట్టబోవు మనిషి భుజములను చూచియుండలేదు; ఫ్రేము సైజునుబట్టి ఒక సగటు కొలతను ఊహించి బిగించిరి. ఆ సగటునకును తన దేహమునకును గల అంతరము ఎంతయో తెలిసికొని సరిచేసికొనవలసినది తొక్కువారే.

తిమ్మిరికి మూలము శరీరశాస్త్రమెరిగినవారికి సువిదితమే. మోచేయి దేనికైనను తగిలినప్పుడు చేయి పొడుగున జివ్వుమని పాకునది అల్నార్ నాడి. అది ముంజేతి వెంబడి దిగివచ్చి, మణికట్టు దాటినచోట, చిటికెన వ్రేలి వైపున, రెండు చిన్న ఎముకల నడుమనుండు ఇరుకైన సందుగుండ అరచేతిలోనికి ప్రవేశించును. ఆ సందును 1861లో వర్ణించిన ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఫెలిక్స్ గియోఁ పేరిటనే వైద్యులు దానిని నేటికిని వ్యవహరించుచున్నారు. దేహభారము అరచేతి అడుగుభాగముపై చాలసేపు మోపబడినప్పుడు, అచ్చట నాడిని కాపాడుటకు దట్టమైన కండ లేనందున, అది హ్యాండిలుకును ఎముకకును మధ్య నలుగును. 1896లోనే దెస్తో అను ఫ్రెంచి వైద్యుడు సైకిలు వాడుకవలన ఈ నాడి చచ్చుబడుటను గూర్చి వైద్యపత్రికలో వ్రాసెను. కనుక ఇది నేటి కార్బను సైకిళ్లతో వచ్చిన బాధ కాదు, ఇంచుమించు వాహనముతోపాటు పుట్టినదే. బొటనవ్రేలు, చూపుడు వ్రేలు, నడిమి వ్రేలు తిమ్మిరెక్కినచో నలుగుచున్నది మరియొక నాడి, మీడియన్ నాడి. మణికట్టు వెనుకకు విరిచినట్లు వంగి చాలసేపు నిలిచినప్పుడు అది ఒత్తిడికి లోనగును. ఏ వ్రేళ్లు తిమ్మిరెక్కినవో గుర్తుంచుకొనుట మంచిది. చిటికెన వైపు తిమ్మిరి సాధారణముగా చేతులపై పడుచున్న అధికభారమునకును, బొటనవ్రేలి వైపు తిమ్మిరి మణికట్టు వంపునకును సూచకములు. కొన్ని దినములు గడచినను పట్టు తిరిగి రానిచో అది హ్యాండిలుతో తీరు సమస్య కాదు, వైద్యునికి చూపించుకొనవలెను.

భారమే ప్రధానదోషము కావున, హ్యాండిలు ఎన్నికను గూర్చి చెప్పదలచి నేను మొదట సీటును గూర్చి చెప్పవలసి వచ్చుచున్నది. సైకిలుపై మనిషి భారమును మోయవలసినవి పిరుదుల క్రింది ఎముకలు, పాదములు. చేతులు దిక్కు చూపుటకును, నిలుకడ నిచ్చుటకును ఏర్పడినవి. సీటు ముక్కు క్రిందికి వాలియున్నచో దేహము క్షణక్షణమును ముందుకు జారుచుండును, దానిని వెనుకకు నెట్టి నిలుపు శ్రమ యంతయు చేతులపై పడును. అట్టి సైకిలుకు ప్రపంచములోని అత్యుత్తమమైన హ్యాండిలును తెచ్చి బిగించినను ఫలముండదు. పరీక్ష చాల సులభము. సైకిలును ఇంటిలో, ఉన్నచోటనే తొక్కుటకు వీలిచ్చు ట్రెయినర్‌పై బిగించి, మామూలు వేగముతో తొక్కుచు, బ్రేకుల మీద నానిన రెండు అరచేతులను ఒక అంగుళము పైకెత్తవలెను. మొండెము ఒకటి రెండు క్షణములైనను ఉన్నచోటనే నిలిచినచో భారము సరిగా పంచబడినట్లు, తక్షణమే ముందుకు తూలినచో చేతులు తమది కాని బరువును మోయుచున్నట్లు. సీటును మట్టముగా సరిచేసి, అవసరమైనచో కొంచెము వెనుకకు జరిపి, మరల పరీక్షించిన తరువాతగాని హ్యాండిలును దోషిగా నిర్ణయింపరాదు.

పూర్వము మన యూళ్లలో పోస్టుమానులు, బడిపంతుళ్లు, పాలవారు తొక్కిన హెర్క్యులిస్, అట్లాస్, హీరో సైకిళ్ల హ్యాండిలుకు ఈ జబ్బు తెలియదు. దాని రెండు కొసలును తొక్కువాని వైపునకు వంగియుండును; అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా, ప్రక్కకు వ్రేలాడు చేతులకు సహజమైన భంగిమలో, గ్రిప్పులను పట్టును; వెన్ను నిటారుగా నుండుటచే భారమంతయు వెడల్పైన స్ప్రింగు సీటుపై పడును. ఇంగ్లండులో నార్త్ రోడ్ పేర ప్రసిద్ధమైన ఆ ఆకృతి మన దేశపు ఎగుడుదిగుడు బాటలకును, పంచెకట్టుకును, వెనుక క్యారియరుపై ఎక్కించు బస్తాకును చక్కగా కుదిరెను. అంతకు ఎంతయో పూర్వము, 1817లో జర్మనీ దేశపు కార్ల్ ఫన్ డ్రాయిస్ మాన్‌హైములో నడిపి చూపిన పెడల్ లేని కొయ్య వాహనమునకు సైతము, దిక్కు మార్చు కఱ్ఱతోపాటు, ముంజేతులు ఆనించుకొనుటకు మెత్త కుట్టిన అడ్డపలక యొకటి యుండెను. చేతికి సుఖము కల్పింపవలెనను ఆలోచన అంత పాతది.

మరి హ్యాండిలు క్రిందికి వంగనేల? వేగముకొరకు. సమతలముపై వేగము పెరిగినకొలది తొక్కువాని శక్తిలో అధికభాగము గాలిని చీల్చుటకే వ్యయమగును. మొండెము వంచినచో గాలికెదురు నిలుచు దేహవైశాల్యము తగ్గును. అందుచేత పందెములవారు పందొమ్మిదవ శతాబ్ది ముగియకముందే హ్యాండిలును తలక్రిందులుగా త్రిప్పి క్రిందికి వంచుకొనిరి. 1899లో మాంట్రియాల్‌లో ఒక మైలు పందెమున ప్రపంచవిజేతయైన నల్లజాతి అమెరికను వీరుడు మేజర్ టేలర్, తన దేహమునకు తగినట్లు ముందుకు వెనుకకు జరుపుకొనుటకు వీలుగా హ్యాండిలును పట్టుకొను ఒక ప్రత్యేకమైన స్టెమ్‌ను వాడెను. అది నేటికిని ఆయన పేరిటనే పిలువబడుచున్నది. 1936లోను 1939లోను టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన బెల్జియము వాసి సిల్వేర్ మేస్ పేర ఒక వంపు ప్రచారములోనికి వచ్చెను. 1943లో మిలాన్–సాన్ రేమో పందెము గెలిచిన ఇటలీ వాసి చీనో చినెల్లి, పిమ్మట తానే హ్యాండిలు నిర్మాతయై, ఐరోపా పందెగాండ్ర చేతులకు తరములపాటు ప్రమాణమును నిర్ణయించెను. ఇట్లు ప్రతి వంపును ఒకానొక మనిషి దేహమునకును, ఒకానొక రోడ్డునకును అమర్చబడినదే. దుకాణములో వ్రేలాడు హ్యాండిలులో మనము చూచునది ఆ పరంపర.

ఆ పరంపరను మలుపు త్రిప్పినది హ్యాండిలు కాదు, బ్రేకు. 1990 వరకును గేరు మార్చు చిన్న కఱ్ఱలు ఫ్రేము వాలుగొట్టముపై నుండెడివి. బ్రేకుపిడి చిన్నది, దానిపై అరచేయి ఆనించుటకు చోటు తక్కువ. ఆ యేట జపానుకు చెందిన షిమానో గేరును బ్రేకును ఒక్కపిడిలో కూర్చి విడుదల చేసిన తరువాత, ఆ పిడి లావెక్కెను, దానిపై రబ్బరు తొడుగు మెత్తనయ్యెను, హ్యాండిలుపై చేయి వదలకుండ సర్వమును సాధ్యమయ్యెను. అప్పటినుండి హుడ్ అని పిలువబడు ఆ రబ్బరు తొడుగే చేతులకు ముఖ్యనివాసమైనది. నేడు సాధారణముగా సైకిలు తొక్కువారు తమ కాలములో అధికభాగము హుడ్‌లపైనే గడుపుదురు. ఎక్కుడులందు నడిమి అడ్డగొట్టమును పట్టుదురు. ఎదురుగాలిలోను, దిగుడులందును క్రింది వంపులోనికి చేతులు దించుదురు. ఈ మూడు నివాసములును, వీని నడుమనుండు చిన్న చిన్న విరామస్థలములును ఉండుటయే క్రిందికి వంగిన ఈ డ్రాప్ హ్యాండిలు యొక్క అసలైన సౌఖ్యము. ఒకే పట్టు ఎంత మెత్తనిదైనను గంట గడచునప్పటికి బాధించును. పట్టు మార్చుకొన్న ప్రతిసారియు నలిగిన నాడికి రక్తప్రసారము తిరిగి కలుగును. కావున హ్యాండిలు ఎన్నుకొనునప్పుడు నా దృష్టిలో అడుగదగిన ప్రశ్న ఒక్కటే: ఈ మూడుచోట్లను నేను నిజముగా నివసింపగలనా?

ఇక కొలతలు. వీనిలో మొదటిది వెడల్పు, అన్నిటికంటె తరచుగా తప్పునదియు ఇదియే. భుజము కొనవద్ద, చేయిని ప్రక్కకు ఎత్తినప్పుడు చిన్న గుంట పడుచోట, చర్మము క్రింద ఎముక అంచు వ్రేలికి తగులును. గోడకు వీపు ఆనించి నిలిచి, ఇంటివారినొకరిని పిలిచి, రెండు భుజములందును ఆ అంచులకు సరిగా గోడపై పెన్సిలు గీతలు పెట్టించి, ఆ గీతల నడుమ దూరమును టేపుతో కొలిచినచో, మీ హ్యాండిలు వెడల్పు ఇంచుమించు దొరికినట్లే. ఒక్కసారి కొలిచి నమ్మక, రెండు మూడుసార్లు కొలువవలెను. ఊపిరి బిగబట్టి రొమ్ము విరిచి నిలిచినచో లెక్క తప్పును. డ్రాప్ హ్యాండిళ్లు సాధారణముగా 36 సెంటీమీటర్లనుండి 46 సెంటీమీటర్ల వరకు రెండేసి సెంటీమీటర్ల తేడాతో లభించును. ఐతే కొందరు నిర్మాతలు గొట్టపు నడిమినుండి నడిమికి కొలుతురు, కొందరు, ముఖ్యముగా ఇటలీవారిలో కొందరు, వెలుపలి అంచునుండి వెలుపలి అంచునకు కొలుతురు. గొట్టము లావు 24 మిల్లీమీటర్లు గదా. కావున ఒకరి 42 మరియొకరి 40 కన్న ఎక్కువ కాదు. పెట్టెపై అంకెను చదివి కొన్నవారు ఈ చిక్కులో పడుదురు. టేపు తీసికొనిపోయి దుకాణములోనే కొలుచుకొనుట ఉత్తమము.

వెడల్పు మితిమీరినచో చేతులు రెక్కలవలె ప్రక్కలకు చాచుకొని, భుజముల నడుమను మెడవెనుకను నొప్పి పుట్టును. మణికట్టు చిటికెన వ్రేలి వైపునకో బొటనవ్రేలి వైపునకో వంగి నాడులు ఒత్తిడికి లోనగును. మరీ ఇరుకైనచో సైకిలు తొందరపాటుగా తిరుగును, గతుకులలో అదుపు తప్పును. పొట్టివారికిని, స్త్రీలకును ఈ విషయములో జరుగుచున్న అన్యాయము గట్టిగా చెప్పదగినది. చిన్న ఫ్రేముపై సైతము 40, 42 సెంటీమీటర్ల హ్యాండిలు బిగించి యమ్ముట పరిపాటి. 35 సెంటీమీటర్ల భుజములుగల యువతి ఆ హ్యాండిలును పట్టుకొని, తన దేహమునందే లోపమున్నదని భావించి, రోడ్డు సైకిలు తనకు పనికిరాదని మానివేయును. మన పల్లెల వడ్రంగి కాడి చెక్కునప్పుడు ఎద్దుల జతను కొలిచి చెక్కునేగాని, కాడికి తగిన ఎద్దులను వెదకుకొమ్మని రైతుతో చెప్పడు. పందెముల విషయములోను ఈ వివాదము వచ్చినది. పందెగాండ్రు గాలికి తగ్గుటకై హ్యాండిలును మితిమీరి ఇరుకు చేయుచుండగా, అంతర్జాతీయ సైక్లింగు సమాఖ్య యూసీఐ 2026 జనవరి 1 నుండి సామూహిక రోడ్డు పందెములలో హ్యాండిలు వెలుపలి వెడల్పు 40 సెంటీమీటర్లకు తగ్గరాదని నియమించెను. చిన్న భుజములుగల క్రీడాకారిణులకు ఇది తమ దేహమునకు మించిన వెడల్పును బలవంతముగా అంటగట్టుట యగునని అభ్యంతరములు బయలుదేరెను. అది పందెగాండ్ర చిక్కు. ఉదయపు గాలికి హైదరాబాదు అవుటర్ రింగ్ రోడ్డు ప్రక్క సైకిలు బాటపై పోవువారికి ఏ నియమమును లేదు. 36 సెంటీమీటర్లు అమరువారు నిస్సంకోచముగా 36 బిగించుకొనవచ్చును.

రెండవ కొలత రీచ్, మూడవది డ్రాప్. అడ్డగొట్టపు నడిమినుండి వంపు ముందు కొన వరకు గల దూరము రీచ్; అడ్డగొట్టమునుండి క్రింది గొట్టము వరకు గల లోతు డ్రాప్. పాతకాలపు పందెపు హ్యాండిళ్లలో రీచ్ 90 మిల్లీమీటర్లను దాటియు, డ్రాప్ 140ని దాటియు ఉండెడివి. నేడు కాంపాక్ట్ అను పేరుతో లభించువానిలో రీచ్ 70 నుండి 80 వరకును, డ్రాప్ 120 నుండి 125 వరకును ఉండును. మొదటి రోడ్డు సైకిలు కొనువారికి, నలుబది దాటినవారికి, చిన్న చేతులవారికి నేను శంకలేక చెప్పునది కాంపాక్టే. లోతైన వంపు ఫోటోలో సొగసుగా నుండును. కాని దానిలోనికి చేతులు దించలేక ఏడాదిపాటు హుడ్‌లపైనే వ్రేలాడువానికి మూడు నివాసములలో ఒకటి మూతపడినట్లే. క్రింది వంపులో చేతులుంచి పదినిమిషములు తొక్కి, మెడ ఎత్తి రోడ్డును చూడగలిగి, మోకాళ్లు పొట్టను తాకకున్నచో ఆ లోతు మీకు తగినది.

రీచ్‌ను ఒంటిగా చూడరాదు. ఫ్రేమునకును హ్యాండిలుకును నడుమనుండు స్టెమ్ పొడవును దానితో కలిపి చూడవలెను. 100 మిల్లీమీటర్ల స్టెమ్, 80 మిల్లీమీటర్ల రీచ్ కలిసి చేతిని ఎంత ముందునకు లాగునో, 110 స్టెమ్, 70 రీచ్ కలిసి హుడ్‌వద్ద ఇంచుమించు అంతే లాగును. కాని అడ్డగొట్టమును పట్టినప్పుడు రెండవదానిలో చేయి ఒక సెంటీమీటరు ఎక్కువ చాచవలెను. హుడ్‌లపై నున్నప్పుడు మోచేతులు బిగుసుకొనక కొంచెము వంగియుండవలెను. బిగుసుకొన్న మోచేయి ప్రతి గతుకును నేరుగా భుజమునకును మెడకును అందించును. దూరము ఎక్కువైనదని తోచినప్పుడు హ్యాండిలు మార్చుట కంటె పొట్టి స్టెమ్ వేయుట చవుక. ఎత్తు చాలనప్పుడు అంతకంటెను చవుకైన ఉపాయమున్నది: నేటి స్టెమ్‌లు చాలభాగము ఆరు డిగ్రీలో ఏడు డిగ్రీలో వాలుగలవి, వాలు క్రిందికి ఉండునట్లు బిగించిన స్టెమ్‌ను విప్పి తలక్రిందులుగా బిగించినచో, 100 మిల్లీమీటర్ల స్టెమ్‌పై హ్యాండిలు రమారమి రెండు సెంటీమీటర్లు పైకి లేచును. ఒక అలన్ కీ, అరగంట ఓపిక తప్ప దీనికి ఖర్చు లేదు. ఎంతోమంది మెడనొప్పికి ఈ రెండు సెంటీమీటర్లే మందు.

ఆకృతి విషయములో మిక్కిలి చూడదగినది వంపు భుజము నుండి హుడ్ వరకు పోవు రేఖ. అది ఒక చదునైన తిన్నెవలె సాగిపోయి హుడ్‌లో కలిసినచో అరచేతి అంతటికిని ఆనికయుండి బరువు పంచబడును. నడుమ పల్లమున్నచో అరచేయి ఆ పల్లమునకు జారి, మణికట్టు వెనుకకు విరిగి, పైన చెప్పిన మీడియన్ నాడి నలుగును. హుడ్‌లను పట్టి ప్రక్కనుండి ఎవరినైనను చూడుమనవలెను: ముంజేయి, మణికట్టు, పిడికిలి ఒకే తిన్ననిగీతలో ఉన్నవా లేదా? లేనిచో హ్యాండిలును స్టెమ్‌లో కొంచెము త్రిప్పియో, బ్రేకుపిడిని వంపుపై కొంచెము పైకి జరిపియో ఆ గీతను సాధింపవచ్చును. ఒక్క ఐదు మిల్లీమీటర్లు జరిపినంతనే ఒక చేయి ఊపిరి పీల్చుకొన్నట్లగుట నేను పలుమారులు చూచితిని. తొంబదులలో వంపు నడుమ తిన్నని ముక్కనుంచి శరీరానుకూలమని పేరుపెట్టి అమ్మిన హ్యాండిళ్లు వచ్చెను. ఆ తిన్నని ముక్క నిర్మాత ఊహించిన చేతికి మాత్రమే అమరును, తక్కినవారికి కోణములు అరచేతిని పొడుచును. గుండ్రని వంపు ఏ చేతినైనను తనకిష్టమైనచోట నిలువనిచ్చును. నాకు గుండ్రని వంపే మేలు.

దూరప్రయాణము చేయువారికి ఫ్లేర్, అనగా క్రింది కొసలు ప్రక్కలకు విచ్చియుండుట, ఉపకరించును. మట్టిరోడ్లకు ఉద్దేశించిన గ్రావెల్ హ్యాండిళ్లలో ఇది 12 డిగ్రీలనుండి 25 డిగ్రీల వరకు, కొన్నిటిలో అంతకు మించియు నుండును. దిగుడులో క్రింది వంపు పట్టినప్పుడు చేతులు దూరముగా నుండి అదుపు హెచ్చును, ముంజేతులు పైగొట్టమునకు తగులవు. ఐతే విచ్చుట మితిమీరినచో బ్రేకుపిడులును వాలిపోయి హుడ్‌లపై మణికట్టు మెలితిరుగును. తారురోడ్డుపైనే ఎక్కువగా పోవువారికి 12 డిగ్రీలకు మించి అక్కర లేదు. 1891లో మొదలైన పారిస్–బ్రెస్ట్–పారిస్ యాత్ర నేటికిని నాలుగేండ్ల కొకసారి జరుగుచున్నది. 1200 కిలోమీటర్లను 90 గంటలలో ముగింపవలెను. దానికి అర్హతగా లెక్కింపబడు, బ్రెవేలు అను గడువుగల దూరయాత్రలు మన దేశములోను, హైదరాబాదునుండియు జరుగుచున్నవి. వానిలో చిన్నదైన 200 కిలోమీటర్ల బ్రెవేకు 13 గంటల 30 నిమిషముల గడువు. అట్టి యాత్రలు చేయు ఫ్రెంచివారి అనుభవమునుండి పుట్టినది రాండొనర్ హ్యాండిలు: అడ్డగొట్టపు కొసలు కొంచెము పైకి లేచి, తరువాత ప్రక్కలకు విచ్చుచు క్రిందికి దిగును. జపానులో నిట్టో దానిని నేటికిని చేయుచున్నది. రాత్రియంతయు తొక్కినవారి అరచేతులు ఆ పైకి లేచిన భుజమును ఆశ్రయించుటలో గల విశ్రాంతి, పందెపు హ్యాండిలు పట్టినవారికి దొరకదు.

హ్యాండిలు చేయు పదార్థమును గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. అల్యూమినియము చాలును; చవుకది, నమ్మదగినది. కార్బను గొట్టము సన్నని అదురును కొంత తగ్గించునను మాట నిజమే కాని, అదే ధనముతో 25 మిల్లీమీటర్ల టైర్ల స్థానమున 28 నో 32 నో వేసి గాలి కొంచెము తగ్గించినచో కలుగు సుఖము దానికంటె చాల హెచ్చు. కార్బనును కొన్నవారు నిర్మాత చెప్పిన బిగువుకు, సాధారణముగా ఐదు న్యూటన్ మీటర్లకు, మించకుండ టార్కు రెంచితో బిగింపవలెను; సైకిలు గట్టిగా పడినయెడల హ్యాండిలుపై పగులు కనబడకున్నను మార్చవలెను. స్టెమ్ పట్టుచోట లావు కూడ చూచుకొనదగినది: నేటి హ్యాండిళ్లలో అధికభాగము 31.8 మిల్లీమీటర్లు, పాతవానిలో 25.4, పాత ఇటలీవానిలో 26. అర మిల్లీమీటరు తేడాయే గదా యని బలవంతముగా బిగించుట ప్రాణాపాయము. హ్యాండిలును స్టెమ్‌ను ఒకే ముక్కగా పోతపోసి, బ్రేకుతీగలను లోపలినుండి పంపు నూతనరీతి చూచుటకు మనోహరమే; కాని వెడల్పు మార్చవలెనన్నను, పొడవు మార్చవలెనన్నను మొత్తము తీసివేసి వేలకొలది రూపాయలు పోయవలసియుండును. తన దేహమునకు ఏది సరిపడునో ఇంకను తెలియనివారు దాని జోలికి పోరాదు.

పందెము తలపెట్టనివారు, వెన్ను వంచలేనివారు డ్రాప్ హ్యాండిలును మానివేసి తిన్నని హ్యాండిలో, మన పాత సైకిలు మాదిరి వెనుకకు వంగినదియో వేసికొనుటలో చిన్నతన మేమియు లేదు. ఐతే అది తేలికపని కాదని ముందుగా తెలిసియుండవలెను. డ్రాప్ హ్యాండిలు గొట్టము పిడులవద్ద 23.8 మిల్లీమీటర్లు, తిన్ననిది 22.2, కావున బ్రేకుపిడులు, గేరుమీటలు సమస్తమును క్రొత్తవి కొనవలసివచ్చును. ఆ వ్యయముతో పోల్చినచో మొదటనే తిన్నని హ్యాండిలుతో వచ్చు సైకిలు కొనుట లాభము.

క్రొత్త హ్యాండిలు బిగించిన దినముననే టేపు చుట్టివేయుట తొందరపాటు. మొదట బ్రేకుతీగలను విద్యుత్తు పనివారు వాడు నల్లని ఇన్సులేషను టేపుతో అక్కడక్కడ కట్టి, కొన్ని దినములు దగ్గరి దూరములు తొక్కి, పిడులను పైకి క్రిందికి జరిపి చూడవలెను. ఇరుకైన హ్యాండిలుకు మారినప్పుడు తీగలు పొడుగై వ్రేలాడును, ఎత్తు పెంచినప్పుడు చాలక బిగియును. హ్యాండిలును పూర్తిగా అటునిటు త్రిప్పి చూచినచో తెలియును. రెండు పిడులును ఒకే ఎత్తున నున్నవో లేదో తెలిసికొనుటకు వానిపై అడ్డముగా ఒక తిన్నని బద్ద నుంచి, ఎదుట నిలిచి చూచినచో చాలును. వ్రేళ్లు పొట్టివైనవారు బ్రేకుమీటను దగ్గరకు తెచ్చు చిన్న మరను త్రిప్పించుకొనవలెను. చాల పిడులలో అది యున్నదని అమ్మువారు చెప్పరు. ఇవన్నియు కుదిరిన తరువాత, క్రింది కొసనుండి మొదలిడి పైకి టేపు చుట్టవలెను. అట్లు చుట్టినప్పుడు ఒక చుట్టు అంచును తరువాతి చుట్టు కప్పుటచే చేతి ఒత్తిడికి అంచులు లేవవు. అదురు బాధించువారు అడ్డగొట్టముపైనను, హుడ్‌ల వెనుకను రెండు పొరలు చుట్టవచ్చును. చిన్న చేతులవారికి మాత్రము లావెక్కిన గొట్టము పట్టు చాలక క్రొత్త బాధ తెచ్చును. గొట్టపు కొసలకు బిరడాలు తప్పక బిగింపవలెను. పడినప్పుడు తెరచిన గొట్టపు అంచు కత్తివలె దిగును.

మన ఉక్కపోత దేశములో ఒకే టేపును వాడదగిన కాలమును గూర్చి పడమటి పుస్తకములు చెప్పు మాట సరిపోదు. మచిలీపట్నము, కాకినాడ, విశాఖపట్నములవంటి సముద్రతీరపు ఊళ్లలో రెండు మూడేండ్లు వాడిన సైకిలు టేపును విప్పి చూచినచో, బ్రేకుపిడి పట్టీ క్రింద అల్యూమినియముపై తెల్లని పొడియు, దానిని తుడిచినచో చిన్న చిన్న గుంటలును కనబడుట కద్దు. అది చెమటలోని ఉప్పు లోహమును తిన్న జాడ. గుంటలు లోతైనచో హ్యాండిలు ఒక దినమున గతుకులో ఆ చోటనే విరుగును. కావున ఏడాదికొకసారి, వేసవి ముగిసినంతనే, టేపును విప్పి, తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టి, స్టెమ్ అంచులవద్దను పిడుల పట్టీలవద్దను గొట్టమును వెలుతురులో త్రిప్పి చూచి, గోటితో తడిమి, సన్నని పగులు గీత కనబడినచో దానిని ఆ క్షణమే తీసివేసి, లేనిచో క్రొత్త టేపు చుట్టి, బోల్టులన్నిటిని మరల బిగువు చూచి వాడుకొనవలెను.